కార్డు వెనక రాసింది

ఆయన మా ఇంటికి వచ్చినప్పుడల్లా చేతిలో నాలుగు గిన్నెల స్టీలు టిఫిన్ క్యారియర్ ఉండేది. మొదటిసారి దాన్ని చూసి నా భార్య పళ్ళేలు కడిగి పెట్టింది. ఆయన సోఫా ముందున్న బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి, క్యారియర్ కొక్కెం విప్పి, గిన్నెలు ఒక్కొక్కటే దించి వరసగా పెట్టారు. ఒక్కదాంట్లోనూ తినేది లేదు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దవి, రంగు వెలిసిన అట్ట బొమ్మలు ఉన్నాయి. పై గిన్నెలో పరుగెత్తేవాళ్ళు. దాని కింద దూకేవాళ్ళు. మూడోదాంట్లో ఈటె, గుండు, చక్రం విసిరేవాళ్ళు. అడుగు గిన్నెలో ఈతగాళ్ళు.

ఈతగాళ్ళు అడుగున ఎందుకని అడిగాను.

"నీళ్ళు కిందికే గద పోతయి" అన్నారు. నవ్వలేదు. ఆయన ఎదుటివాడిని నవ్వించేటప్పుడు తను నవ్వేవారు కాదు. కళ్ళద్దాల పైనుంచి చూసేవారు, అంతే.

అవి రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీలో సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన క్రీడాకారుల బొమ్మలు. అప్పట్లో జనం వాటిని పోగుచేసి, గళ్ళు అచ్చువేసిన ఆల్బంలో అతికించుకునేవారట. ఈయన జన్మలో సిగరెట్ ముట్టలేదు. కానీ ప్రతి కార్డునూ ముందు ముక్కు దగ్గర పెట్టుకునేవారు. పొగాకు వాసన ఇంకా ఉందని ఆయన నమ్మకం. నాకెప్పుడూ రాలేదు. వస్తోందనే చెప్పేవాణ్ణి.

ఆయన పోయి నెల దాటింది. మొన్న సోమవారం నేను ఆఫీసులో ఉండగా ఆయన భార్య, ఆంటీ, ఫోన్ చేశారు. శనివారం కమ్యూనిటీ హాల్లో ఆయన జ్ఞాపకంగా అందరం కలుస్తున్నామనీ, కార్డులన్నీ అందరికీ చూపిస్తున్నామనీ, నేను నాలుగు మాటలు చెప్పాలనీ అన్నారు. "ఆయనకు జర్మన్ చదివి చెప్పినోడివి నువ్వే గద బిడ్డా."

సరే ఆంటీ అన్నాను. ఆ సాయంత్రమే ఆయన మనవరాలు ఒక ఫైలు పంపింది. ఆ అమ్మాయి ఇక్కడ ఇంగ్లండులో, మేముండే కోవెంట్రీలోనే పుట్టింది, తెలుగు అర్థమవుతుంది కానీ ఇంగ్లీషులోనే జవాబు చెబుతుంది. తాత తెలుగులో రాసుకున్న నోట్‌బుక్‌ను వాళ్ళ నానమ్మతో చదివించుకొని, ఒక్కో కార్డు పక్కన పెట్టడానికి ఒక్కో చీటీ చక్కగా ఇంగ్లీషులో టైపు చేసింది. అచ్చుకు ఇచ్చేముందు ఒకసారి చూడమంది. చివరి పేజీ అడుగున, జర్మన్ నుంచి చదివి చెప్పినవారు అని నా పేరు ఉంది.

ఆ చీటీల్లో ఉన్నదంతా నేను కల్పించింది.

దీని మొదలు ఒక బతుకమ్మ పండుగ. హాల్లో ఆడవాళ్ళు పాడుతుంటే మగవాళ్ళం గోడవారన ప్లేట్లు పట్టుకొని నిలబడ్డాం. ఎవరో నన్ను ఆయనకు పరిచయం చేస్తూ, ఈయన రెండేళ్ళు జర్మనీలో పనిచేసి వచ్చాడని చెప్పారు. ఆయన ప్లేటు కుర్చీ మీద పెట్టేసి నా దగ్గరికి జరిగారు.

"జర్మన్ చదువొస్తదా?"

నాకు రొట్టె కొనేంత జర్మన్ వచ్చు. బస్సు ఎక్కి దిగేంత వచ్చు. అక్కడ ఆఫీసంతా ఇంగ్లీషులోనే నడిచింది. కానీ కోవెంట్రీలో కార్ల విడిభాగాల కంపెనీకి దరఖాస్తు పెట్టినప్పుడు జర్మన్ బాగా వచ్చని రాశాను. ఆ మాట చూసే పిలిచామని ఇంటర్వ్యూలో వాళ్ళే చెప్పారు. వీసా వాళ్ళ చేతిలో ఉంది. ఆ రోజు హాల్లో మా ఆఫీసువాళ్ళు ఇద్దరు నాకు రెండు అడుగుల దూరంలో పులిహోర తింటున్నారు.

"వస్తది అంకుల్" అన్నాను.

వచ్చే ఆదివారానికి క్యారియర్ మా ఇంట్లో ఉంది.

కార్డు తీసే ముందు చేతులు కడుక్కొని, రుమాలుతో ఒక్కో వేలూ తుడుచుకునేవారు. అంచులు పట్టుకొని ఎత్తేవారు. బొమ్మ వైపు ఎంతసేపు చూసేవారో తిప్పి వెనకవైపూ అంతసేపే చూసేవారు, అక్షరం ముక్క అర్థం కాకపోయినా. వెనక నాలుగైదు వరసలు, పాత జర్మన్ అచ్చులో, ముళ్ళకంచె అల్లినట్టుండే అక్షరాలు. ఆయన దగ్గర ఆల్బం కూడా ఉంది, గళ్ళన్నీ ఖాళీగా. ఎందుకు అతికించలేదంటే అదేదో పాపం అన్నట్టు చూశారు.

"అంటిస్తే ఎనక మాట సచ్చిపోతది సారూ. ముందల ఉన్నది మొహం. మనిషి ఎనక ఉంటడు."

నన్ను సారూ అనేవారు. నలుగురిలో అయితే మా జర్మన్ సారు. నా వయసుకు రెండింతలు ఉన్న మనిషి అలా పిలుస్తుంటే నేను కార్డు మీదికి వంగిపోయేవాణ్ణి. అది గౌరవమో, ఆటపట్టించడమో ఇప్పటికీ తేల్చుకోలేను.

మొదటి కార్డు గుండు విసిరేవాడిది. నేను నంబరు చదివాను, ఏదో ఊరి పేరు చదివాను, మూడో స్థానం అని కూడా పోల్చుకున్నాను. అంతవరకు నిజమే. ఆయన తల అడ్డంగా ఊపారు.

"గెలిచిండా ఓడిండా అది బొమ్మల్నే తెలుస్తది. ఏం పని జేస్తుండె? గది చెప్పు."

కార్డు మీద అది ఉందో లేదో కూడా నాకు తెలియదు. ఆయన పెన్ను మూత తీసి, నోట్‌బుక్ మోకాలి మీద పెట్టుకొని చూస్తున్నారు. వడ్రంగి అన్నాను.

ఆయన మొహం విప్పారింది. "అట్ల చెప్పు. ఆ భుజాలు సూడు. రంపం పట్టిన భుజాలు." నీలం సిరాతో గుండ్రటి అక్షరాల్లో రాసుకున్నారు.

ఆయన ముప్పై ఏళ్ళు కార్ల ఫ్యాక్టరీలో నిలబడి పనిచేశారు. అంతకుముందు సికింద్రాబాద్‌లో రైల్వే వర్క్‌షాపు. ప్రతి మనిషినీ చేతిపనితోనే పోల్చుకునేవారు. మా డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయిని చూసి, ఈ పిల్ల వేళ్ళు కుట్టుమిషన్ వేళ్ళు అన్నారు ఒకసారి. ఫ్యాక్టరీలో ఒక ముసలి ఇంగ్లీషాయన, యుద్ధంలో ఈ ఊరి మీద బాంబులు వేసినవాళ్ళ బొమ్మలు నీకెందుకని అడిగాడట. బాంబులకంటే ముందటి బొమ్మలివి, అప్పటికి వీళ్ళకు ఉరకడమే తెలుసు అని చెప్పారట. ఆ తర్వాత ఆ ముసలాయనే తన అటకలో దొరికిన రెండు కార్డులు తెచ్చి ఇచ్చాడట.

ఆ వడ్రంగి తర్వాత ఇక ఆగలేదు. ఎత్తు దూకే అతను తపాలా పంచేవాడు. ఈతగత్తె టైపిస్టు. నడక పందెగాడికి రొట్టెల బట్టీ ఉంది. ఆదివారం ఒక గంట, అయిదారు కార్డులు. ఇంట్లో ఒకసారి రహస్యంగా ఫోన్ కెమెరా పెట్టి చూశాను. ఆ ముళ్ళ అక్షరాలను అది పొంతన లేకుండా, వంటల పుస్తకంలా అనువదించింది. దాంతో నాకు ఒక సాకు దొరికినట్టయింది. నెల రోజులు పట్టుదలగా కూర్చుంటే ఆ అక్షరాలు వచ్చేవి. ఒక నిఘంటువు కొంటే అయ్యేది. నేను కూర్చోలేదు. శనివారం సాయంత్రం అయ్యేసరికి ఇంకా వాడని వృత్తులు ఏవున్నాయా అని ఆలోచించేవాణ్ణి.

పరుగు దారిలో అడ్డంగా పెట్టిన హర్డిల్స్ దూకేవాళ్ళ కార్డు వచ్చిందంటే ఆయన కుడి చెయ్యి తనకు తెలియకుండా కుడి మోకాలి మీదికి పోయేది. ప్యాంటు మీంచే రుద్దుకునేవారు. రైల్వే పోటీల్లో ఆఖరి హర్డిల్ తగిలి పడ్డారట. మోకాలి చిప్ప పగిలింది. అది కాదు ఆయన బాధ. పడ్డాక లేవలేదట. లేవొచ్చు, గీత కనబడుతూనే ఉంది, కానీ జనం నవ్వుతున్నారని అలాగే పడుకుండిపోయారట, ఇద్దరు వచ్చి ఎత్తుకుపోయేదాకా.

"పడ్డోళ్ళ గురించి ఎక్కడన్న రాసిండ్రా సారూ?" అని చాలాసార్లు అడిగారు. అలా రాయరు అంకుల్, గెలిచినవాళ్ళ గురించే రాస్తారు అని చెప్పాను. నోటికొచ్చింది చెప్పాను.

అలా రెండేళ్ళు గడిచాయి.

బర్మింగ్‌హామ్‌లో ఒక చర్చి హాల్లో పాత కార్డులు పోగుచేసేవాళ్ళు నెలకోసారి కలుస్తారని తెలిసి, తీసుకుపొమ్మన్నారు. నా కారులోనే వెళ్ళాం. క్యారియర్ ఒడిలో పెట్టుకొని దారంతా కొక్కెం పట్టుకునే ఉన్నారు. అక్కడ ఆయన తువ్వాలు పరిచి గిన్నెలు దించగానే జనం మూగారు. క్యారియర్‌ను చూసి నవ్వారు, తర్వాత కార్డులు చూసి నవ్వు ఆపారు. ఆయన నోట్‌బుక్ తెరిచి, ఒక్కో కార్డు చూపిస్తూ, తన ఇంగ్లీషులో చదివి చెప్పసాగారు.

నేను పక్కనే నిలబడ్డాను. నీలం స్వెటర్ వేసుకున్న ఒక పెద్దావిడ వచ్చి, తను చాలాకాలం బడిలో జర్మన్ చెప్పానని, ఒకటి చూడొచ్చా అని అడిగింది.

టీ తెస్తానని చెప్పి నేను అక్కడినుంచి కదిలాను.

టీ బల్ల హాలు ఆ చివర ఉంది. పెద్ద టీ పాత్ర వెనక నిలబడ్డాను, వాళ్ళకు వీపు చేసి. అయినా వినబడింది. ఆయన తీసి ఇచ్చింది హర్డిల్స్ అమ్మాయి కార్డు. ఈమె పొద్దున్నే ఇళ్ళకు పాలు వేసి, ఆ తర్వాత మైదానానికి వెళ్ళేది అని ఆయన చదువుతున్నారు. ఆ వాక్యం నాకు గుర్తుంది. దాని మీద నేను కొంచెం గర్వపడ్డాను కూడా. పెద్దావిడ చాలా మెల్లగా, క్షమించండి, ఇక్కడ పాల సంగతి లేదు అంది. ఈమె ఆఖరి హర్డిల్ తగిలి పడిపోయిందనీ, లేచి, రక్తం కారుతున్న మోకాలితో చివరగా గీత దాటిందనీ రాసి ఉంది అని చెప్పింది. ఇంకా ఏదో చదివింది. అప్పటికి నా చెవుల్లో హోరు మొదలై అది వినబడలేదు.

తల తిప్పి చూశాను. ఆయన కార్డు వంక చూడటం లేదు. హాలంతా కలయజూస్తున్నారు. నా కోసం. నేను మళ్ళీ అటు తిరిగిపోయాను.

అప్పుడు ఆయన గొంతు వినిపించింది, ఇంగ్లీషులో. తప్పు నాదే, ఒక కార్డుది ఇంకోదానికి రాసుకున్నట్టున్నాను, ముసలివాణ్ణి గదా అని. చుట్టూ ఉన్నవాళ్ళు మర్యాదగా నవ్వారు.

తిరుగు దారిలో నేను తెచ్చిన టీ గురించి మాట్లాడారు. చక్కెర ఎక్కువైందన్నారు. వాన గురించి మాట్లాడారు. చెయ్యి మాత్రం మోకాలి మీదే ఉంది.

ఆ తర్వాతి ఆదివారం వస్తారా రారా అని పొద్దుటినుంచి కిటికీ దగ్గర తిరిగాను. వచ్చారు. ఆల్బం తెచ్చారు, క్యారియర్ తెచ్చారు. ఈసారి పై గిన్నెలో కార్డులు లేవు. ఉడికించిన మైదా జిగురు ఉంది, పల్చగా, గంజిలాగా.

"ఇగ అంటిద్దాం సారూ."

ఎందుకని నేను అడగలేదు. ఎందుకో నాకు తెలుసు, ఆయనకు తెలుసునని కూడా తెలుసు. నన్ను మూలలు పట్టుకోమన్నారు. పుల్లతో కార్డు వెనక నాలుగు మూలల్లో ఆవగింజంత జిగురు పెట్టి, గడిలో ఉంచి, రుమాలుతో అద్దేవారు. నాలుగు ఆదివారాలు పట్టింది. ఒక్కో కార్డు పేజీకి అంటుకుంటుంటే, నేను చెప్పిన అబద్ధం ఒక్కొక్కటే ఎవరికీ కనబడకుండా పోతున్నట్టు నాకు గుండె తేలికపడింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా సిగ్గు కలిగించేది ఆ తేలికే. హర్డిల్స్ అమ్మాయి కార్డు దగ్గర ఆయన కాసేపు ఆగారు. వెనకవైపు తిప్పి ఒకసారి వేలితో తడిమి, అప్పుడు పెట్టారు.

ఆ తర్వాత కూడా రెండేళ్ళు వచ్చారు. ఆల్బం తెచ్చి బల్ల మీద పెట్టి, టీ తాగి, ఊరి సంగతులు మాట్లాడి వెళ్ళేవారు. ఏం రాసిందని ఇక అడగలేదు. సారూ అనడం మాత్రం మానలేదు. ఆసుపత్రిలో చూడటానికి వెళ్ళినప్పుడు, ముక్కు మీద గొట్టంతోనే నా వైపు తిరిగి అడిగారు.

"ఏమన్న చెప్పేదుందా సారూ?"

ఏం లేదు అంకుల్, మీరు రెస్ట్ తీసుకోండి అన్నాను. దుప్పటి సర్ది వచ్చేశాను.

సోమవారం ఫోను, ఆ ఫైలు. మంగళవారం అన్నం సరిగా తినలేదు. చీటీలు చదువుతుంటే అచ్చులో నా అబద్ధాలు ఎంతో నిజంలా ఉన్నాయి. శనివారం హాల్లో జర్మన్ చదవగలిగినవాళ్ళు ఎవరైనా ఉండొచ్చు. కార్డులు అతికి ఉన్నాయి కాబట్టి ఎవరికీ తెలియకపోవచ్చు కూడా. ఆ రెండో ఆలోచన వచ్చినప్పుడు నా మీద నాకే భయం వేసింది. ఎవరికీ తెలియకపోతే ఆయన పేరు మీద ఆ పాల కథ అలాగే ఉండిపోతుంది. ఎవరికైనా తెలిస్తే, ముసలాయన పొరపాటు అని మళ్ళీ నవ్వుతారు. ఏదైనా నేను టీ పాత్ర వెనకే ఉంటాను.

బుధవారం ఆఫీసు కాగానే ఆంటీ దగ్గరికి వెళ్ళాను. ఆల్బం, నోట్‌బుక్ డైనింగ్ టేబుల్ మీద ఉన్నాయి. ఖాళీ క్యారియర్ పక్కన బోర్లించి ఉంది. ఆంటీ చాయ్ పెట్టి ఎదురుగా కూర్చున్నారు. నేను కప్పు ముట్టకుండా మొత్తం చెప్పాను. వడ్రంగి దగ్గరినుంచి ఆసుపత్రి దాకా. ఆఫీసు దరఖాస్తు గురించి కూడా. చెబుతున్నంతసేపూ ఆమె మొహం చూడలేకపోయాను, క్యారియర్ కొక్కేన్నే చూశాను.

"చాయ్ సల్లగైతుంది, తాగు" అన్నారు ఆంటీ.

తాగాను.

"మీ అంకుల్‌కు బర్మింగ్‌హామ్ పోయినప్పుడే తెల్సు. ఇంటికొచ్చి నాకు చెప్పిండు. ఆ పిలగాడు టీ డబ్బా ఎనక దాక్కున్నడే అని నవ్విండు గూడ. అంటిస్తా మైదా ఉడకబెట్టుమన్నడు. షాపుల గమ్ దొరుకుతది గదా అంటే వద్దన్నడు." ఆమె కొంగుతో టేబుల్ మీద లేని మరకను తుడిచారు. "తర్వాత రెండేండ్లు మీ ఇంటికెళ్ళి వచ్చినప్పుడల్ల ఒక్కటే మాట. ఇయ్యాల గూడ చెప్పలేదే అంటుండె. చెప్పులు ఇడుస్తనే అంటుండె."

అడగొచ్చు కదా ఆంటీ అన్నాను. అది ఎంత అన్యాయమైన మాటో అంటుండగానే తెలిసింది.

"అడిగితే ఇంకోటి చెప్పెటోడివి" అన్నారు ఆమె, కోపం లేకుండా. "మాట్లాడుమని నేను ఫోన్ జేసింది గూడ అందుకే. శనివారం దాక సూద్దామనుకున్న."

లేచి వెళ్ళి గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, పాత పంచె ముక్క, వెన్న రాసే కత్తి తెచ్చి నా ముందు పెట్టారు. ఆల్బం తిప్పి ఒక పేజీ దగ్గర ఆపారు. హర్డిల్స్ అమ్మాయి, గాలిలో, ఒక కాలు ముందుకు చాచి.

"దీన్నే తియ్యి."

రంగు పోతుందేమో ఆంటీ అన్నాను. ఆమె గుడ్డ నా చేతికిచ్చారు. గుడ్డను తడిపి గట్టిగా పిండి, మూలల మీద ఒక్కొక్కచోట అద్దాను. కాసేపాగి కత్తి అంచు కిందికి జొనిపాను. ఎక్కడో చిరిగిన చప్పుడు వస్తుందని ఒళ్ళంతా చెవులు చేసుకున్నాను. ఏ చప్పుడూ రాలేదు. మైదా తడికి మెత్తబడి, మూల లేచింది. రెండోది లేచింది. కార్డు నా చేతిలోకి వచ్చేసింది.

వెనక్కి తిప్పాను. నాలుగు మూలల్లో ఆవగింజంత తెల్లటి మరకలు. మధ్యలో అయిదు వరసలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక్క అక్షరం మీద కూడా జిగురు పడలేదు. నేను మూలలు పట్టుకొని ఉండగానే, నా కళ్ళముందే, ఆయన ఇలా అంటించారు.

ఆంటీ నోట్‌బుక్‌లో ఆ పేజీ తెరిచారు. నీలం సిరాలో పాలు వేసే అమ్మాయి అలాగే ఉంది. ఆయన కొట్టేయలేదు. కింద సగం పేజీ ఖాళీగా వదిలారు.

"చదువు" అన్నారు ఆంటీ.

వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను, ఒకటో తరగతి పిల్లాడిలా. నంబరు. పేరు. ఊరు. హర్డిల్ అన్న మాట. ఆఖరిది అన్న మాట. పెద్దావిడ ఆ రోజు చెప్పింది గుర్తుంది కాబట్టి పడిపోవడం, లేవడం ఎక్కడున్నాయో పోల్చుకున్నాను. ఆంటీ ఇచ్చిన పెన్నుతో వాటిని పాల కథ కింద రాసి, పెన్ను పక్కన పెట్టాను. ఆ తర్వాత ఇంకో వరస ఉంది. హోరులో నాకు వినబడకుండా పోయింది అదే. పెద్దావిడ చదవగా ఆయన విన్నది, ఇంటికి వచ్చేదాకా మోకాలి మీద చెయ్యి పెట్టుకొని మోసిందీ అదే. మూడు మాటలు, ముళ్ళు ముళ్ళుగా. ఎంతసేపు చూసినా ఒక్కటీ లొంగలేదు. ఏదో ఒకటి నోటిదాకా వచ్చింది కూడా, ఆదివారాల అలవాటు కొద్దీ.

"ఈ వరస నాకు తెల్వదు ఆంటీ" అన్నాను. "నాకు జర్మన్ రాదు."

ఆంటీ పెన్ను మళ్ళీ నా వైపు జరిపారు.

"గదే రాయి."